ఇంట్లో బీరు తయారీ: ఏ సామాను కొనాలి, ఏ సరుకులు వాడాలి, మొదటి బ్యాచ్ ఎలా పెట్టాలి

ఇంట్లో బీరు చేద్దామనుకునే మిత్రులు నన్ను మొట్టమొదట అడిగేది ‘ఎంత పెద్ద గిన్నె కొనాలి?’ అని. నేను వాళ్లని తిరిగి అడిగేది ‘మీ ఇంట్లో రాత్రీ పగలూ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండే మూల ఎక్కడుంది?’ అని. డాలస్ పక్కన ప్లేనోలో ఉంటూ ఎనిమిదేళ్లుగా ఈ పని చేస్తున్నాను. మొదటి రెండేళ్లు మెరిసే సామాను మీద డబ్బు పోశాను. తర్వాత బోధపడింది. మనం చేసేది తీపి నీళ్లు మాత్రమే, వాటిని బీరుగా మార్చేది ఈస్ట్ అనే సూక్ష్మజీవి. అందుకే ఏ వస్తువు కొనబోయినా, ఏ సరుకు ఎంచుకున్నా ‘ఇది ఈస్ట్‌కి పనికొస్తుందా, దాని శత్రువులని ఆపుతుందా?’ అని చూసుకోండి. ఈ ఒక్క ప్రశ్నతో సగం ఖర్చు తగ్గుతుంది, బీరూ బాగుంటుంది.

ముందుగా చట్టం

ఇది ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ఇంట్లో చేయదగిన పని కాదు. అక్కడ 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద లైసెన్సు లేకుండా ఏ మద్యం తయారు చేసినా నేరమే, అది ఒక్క సీసా అయినా సరే. హైదరాబాద్‌లో మైక్రోబ్రూవరీలు నడుస్తున్నాయంటే అవి లైసెన్సు తీసుకుని నడుస్తున్నాయి. కాబట్టి ఇక్కడ రాసేదంతా చట్టం ఒప్పుకునే దేశాల్లో ఉన్న మనవాళ్ల కోసం.

అమెరికాలో 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం 1979 ఫిబ్రవరి నుంచి ఇంటి బీరుకి ఫెడరల్ పన్ను మినహాయించింది. వయసొచ్చిన మనిషి ఒక్కరే ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేక అంతకంటే ఎక్కువ మంది ఉంటే 200 గ్యాలన్లు చేసుకోవచ్చు. అమ్మకూడదు. రాష్ట్రాల చట్టాలు వేరు. అలబామా, మిసిసిపీ 2013లో గానీ ఒప్పుకోలేదు. బ్రిటన్‌లో 1963 నుంచి ఇంటి బీరుకి లైసెన్సు అక్కర్లేదు. మీరెక్కడుంటే అక్కడి నియమం చూసుకుని మొదలుపెట్టండి. ఇంకో మాట: పులియబెట్టడం వేరు, బట్టీ పెట్టి సారా తీయడం వేరు. రెండోది అమెరికాలో కూడా పర్మిట్ లేకుండా నేరం, నిప్పుతో ప్రమాదం కూడా.

మనకు తెలిసిన పనే

బీరు పేరు కొత్తగా అనిపిస్తుంది గానీ దానిలోని పనులు మన వంటింట్లో ఉన్నవే. చోళ్లు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలక రాగానే ఎండబెట్టి పిండి పట్టించి రాగి మాల్ట్ చేస్తాం కదా, బార్లీకి చేసేదీ అదే. మొలక వచ్చేటప్పుడు గింజలో పిండిని చక్కెరగా విడగొట్టే ఎంజైములు పుడతాయి. సరైన సమయంలో ఆరబెడితే మొలక ఆగిపోతుంది, ఎంజైములు గింజలో ఉండిపోతాయి. అదే మాల్ట్. తర్వాత దాన్ని వేడినీళ్లలో నానబెడితే ఆ ఎంజైములు లేచి పిండినంతా చక్కెర చేస్తాయి.

కల్లుకి ఈ తతంగం అక్కర్లేదు. తాటి నీరాలోనే చక్కెర ఉంటుంది, కుండలో ఉన్న ఈస్ట్ దాన్ని పట్టుకుంటుంది. పొద్దున తియ్యగా ఉన్నది సాయంత్రానికి పులిసి ఘాటెక్కేది అందుకే. ఇడ్లీ పిండి సంగతి ఇంకోటి. అందులో పని చేసేవి ముఖ్యంగా బాక్టీరియా. మినప్పప్పుతో వచ్చినవి వాటంతట అవే పెరిగి పులుపుని, పొంగుని ఇస్తాయి. మనకి ఈ అలవాటు ఉండబట్టే బీరు దగ్గర పొరబాటు జరుగుతుంది. ఇడ్లీ పిండిలో మనం పిలిచే బాక్టీరియానే బీరులోకి రాకుండా తలుపు మూయాలి. మనం వేసిన ఈస్ట్ ఒక్కటే లోపల ఉండాలి.

సామాను

ఇక్కడ అందరూ చేసే కొలత 5 గ్యాలన్లు, అంటే 19 లీటర్లు. కిట్లు, ఈస్ట్ ప్యాకెట్లు, రెసిపీలు అన్నీ ఆ లెక్కకే వస్తాయి. 355 మిల్లీలీటర్ల సీసాలు దాదాపు 48 నిండుతాయి.

గిన్నె: 19 లీటర్లు పట్టే స్టీలు గిన్నె చాలు. అందులో 11, 12 లీటర్లు మరిగించి చివర్లో చల్లటి నీళ్లు కలిపి 19కి తెస్తాం. మొత్తం ఒకేసారి మరిగించాలంటే 30 నుంచి 38 లీటర్ల గిన్నె, దానికి తగ్గ పెద్ద బర్నర్ కావాలి. వంటింటి స్టవ్ అంత నీటిని మరిగించలేక మొరాయిస్తుంది. ప్రొపేన్ బర్నర్ కొంటే దాన్ని పెరట్లోనే వెలిగించండి. మూసిన గ్యారేజీలో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. మొదటి మూడు నాలుగు బ్యాచ్‌లకి స్టవ్ మీది గిన్నెతోనే పని కానివ్వండి. పెళ్లి పులుసు కాచేంత స్టీలు గిన్నె అటక మీద ఉంటే మసాలా వాసన లేకుండా తోమి అదే వాడొచ్చు.

పులియబెట్టే బకెట్: మూతకి గ్రోమెట్ (రంధ్రం చుట్టూ ఉండే రబ్బరు రింగు) ఉన్న, ఆహారానికి వాడదగ్గ ప్లాస్టిక్ బకెట్, 24 లేదా 25 లీటర్లది. 19 లీటర్ల బీరుకి అంత పెద్దదెందుకంటే, రెండో రోజు నురగ జానెడు ఎత్తు లేస్తుంది. చోటు లేకపోతే మూతని ఎగదన్ని గోడల మీద పడుతుంది. గాజు కార్బాయ్‌లు (సన్న మెడ ఉన్న పెద్ద జాడీలు) చూడ్డానికి బాగుంటాయి, లోపల జరిగేదంతా కనిపిస్తుంది. కానీ తడి చేతుల్లోంచి జారి పగిలితే చేతులు తెగుతాయి. నేను కొత్తవాళ్లకి గాజు వద్దంటాను. ప్లాస్టిక్‌తో ఒకటే జాగ్రత్త, లోపల పీచుతో గీకకూడదు. గీత పడితే అందులో బాక్టీరియా దాక్కుంటుంది, ఏ మందూ అక్కడిదాకా పోదు.

ఎయిర్‌లాక్: బకెట్ మూతకి పెట్టే చిన్న ప్లాస్టిక్ గొట్టం. సగానికి శానిటైజర్ నీళ్లు పోస్తే లోపలి కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాదు. రెండు మూడు డాలర్లది. రెండు కొనండి, పగులుతాయి.

శుభ్రం చేసే మందులు: ఇక్కడ మాత్రం పొదుపు చేయకండి. శుభ్రం చేయడం, శానిటైజ్ చేయడం రెండూ వేర్వేరు పనులు. మొదటిది కంటికి కనిపించే మురికిని పోగొట్టడం, దానికి పీబీడబ్ల్యూ లాంటి క్షార పొడి కలిపిన వేడినీళ్లు. రెండోది కంటికి కనిపించని సూక్ష్మజీవుల్ని చంపడం, దానికి స్టార్ శాన్. 19 లీటర్ల నీటికి 30 మిల్లీలీటర్లు కలపాలి. వస్తువు రెండు నిమిషాలు తడిగా ఉంటే చాలు, మళ్లీ కడగక్కర్లేదు. నురగ మిగిలినా భయం లేదు, బీరుకేమీ కాదు. స్ప్రే సీసాలో కొంత పోసుకుని ఆ రోజంతా చేతికందేలా ఉంచుకోండి. మురికి మీద స్టార్ శాన్ పోస్తే పని చేయదు, ముందు తోమి కడగాలి. మామూలు డిష్ సోప్ వాసన మిగిల్చి నురగని చంపుతుంది కాబట్టి సీసాలకి వద్దు.

ఈ విషయంలో నాకు జరిగింది చెప్తాను. నాలుగో, ఐదో, ఆరో బ్యాచ్‌లు సీసాల్లో పోసిన నెలకి పుల్లబడ్డాయి. సీసా మెడ దగ్గర, ద్రవం పైఅంచున తెల్లటి సన్నని ఉంగరం కనిపించేది. బకెట్లు మార్చాను, గొట్టాలు మార్చాను, ఈస్ట్‌ని తిట్టాను. చివరికి ఒకరోజు సీసాలు నింపే బకెట్ కింది కుళాయిని విప్పి చూశాను. అది లోపల ఒకదానిలో ఒకటి దూరే రెండు ముక్కలు. బలంగా తోస్తే గానీ విడిపోలేదు. విడిపోయాక ఆ రెండు ప్లాస్టిక్ గొట్టాల మధ్య గోధుమరంగు జిగురు, వేలికంటితే వెనిగర్ వాసన. మూడు బ్యాచ్‌ల బీరు దాని మీదుగానే పారింది. పైనుంచి ఎన్నిసార్లు శానిటైజర్ పోసినా ఆ సందులోకి పోలేదు. అప్పటినుంచి ప్రతిసారీ కుళాయిని ముక్కలుగా విప్పి, వేడినీళ్లలో నానబెట్టి, బ్రష్‌తో తోమి పెడుతున్నాను. ఆ బాధ మళ్లీ రాలేదు. మీరు కొనే ప్రతి వస్తువునీ ‘ఇది విప్పడానికి వస్తుందా?’ అని చూసి కొనండి.

హైడ్రోమీటర్, థర్మామీటర్: పాల కేంద్రంలో లాక్టోమీటర్ వేసి పాలలో నీళ్లున్నాయేమో చూస్తారు కదా, హైడ్రోమీటర్ దాని చుట్టమే. తీపి ఎక్కువుంటే పైకి తేలుతుంది, చక్కెర ఆల్కహాల్‌గా మారేకొద్దీ దిగుతుంది. పులియకముందు చూపిన అంకెలోంచి పులిశాక చూపిన అంకె తీసేసి 131 తో గుణిస్తే ఆల్కహాల్ శాతం సుమారుగా వస్తుంది. గాజుది, సన్నది, ఇట్టే పగులుతుంది. ఏ ఉష్ణోగ్రతకి తయారైందో దాని మీదే రాసి ఉంటుంది, ఆ వేడికి చల్లార్చి చూడండి. రిఫ్రాక్టోమీటర్ రెండు చుక్కలతో పని కానిస్తుంది గానీ ఆల్కహాల్ పుట్టాక నేరుగా చూపే అంకె తప్పు. థర్మామీటర్ త్వరగా చూపే డిజిటల్‌ది తీసుకోండి. ముందు దాన్ని ఐసు నీళ్లలో పెట్టి సున్నా చూపిస్తోందో లేదో పరీక్షించండి.

మిగిలినవి: బీరుని ఒక బకెట్ నుంచి ఇంకోదానిలోకి దించే ఆటో సైఫన్, రెండు మీటర్ల గొట్టం, కింద కుళాయి ఉన్న రెండో బకెట్, సీసా అడుక్కి తగిలితేనే పారే బాట్లింగ్ వాండ్, మూతలు బిగించే క్యాపర్, మూతలు. సీసాలు కొనక్కర్లేదు. మీరు, మీ స్నేహితులు తాగిన గోధుమరంగు సీసాలు దాచుకోండి. చేత్తో తిప్పి తీసే మూతలవి వద్దు, క్యాపర్ మూత వాటికి సరిగ్గా పట్టదు. ఆకుపచ్చవి, తెల్లవి కూడా వద్దు. వెలుగు తగిలితే బీరుకి చేదునిచ్చే హాప్స్ పూలలోని పదార్థాలు స్కంక్ అనే జంతువు వదిలే కంపు లాంటి దుర్వాసన ఇచ్చే గంధక పదార్థంగా మారతాయి, గోధుమరంగు గాజు దాన్ని చాలావరకు ఆపుతుంది.

సరుకులు

మాల్ట్: రెండు దారులున్నాయి. ఒకటి, మాల్ట్ గింజల్ని మర పట్టించి, 65 నుంచి 68 డిగ్రీల నీళ్లలో గంటసేపు నానబెట్టి మనమే చక్కెర తీయడం. 65 దగ్గర ఉంచితే ఈస్ట్ తినగలిగే చక్కెరలు ఎక్కువ, బీరు పల్చగా, పొడిగా ఉంటుంది. 68 దాటితే చిక్కగా, కొంచెం తియ్యగా మిగులుతుంది. రెండో దారి ఎక్స్‌ట్రాక్ట్. ఎవరో ఆ పని చేసి, నీళ్లు ఇగిర్చి అమ్మే పాకం లేదా పొడి. కాఫీ డికాక్షన్‌కీ ఇన్‌స్టంట్ కాఫీకీ ఉన్నంత తేడా అనుకుంటారు చాలామంది. అంత లేదు. తాజా ఎక్స్‌ట్రాక్ట్‌తో మంచి బీరు వస్తుంది. పాకం పాతబడితే రంగు ముదిరి ఇంకు లాంటి చేదు రుచి వస్తుంది, అందుకే పొడినే తీసుకోమంటాను. గాలి తగలకుండా ఉంచితే ఎక్కువ కాలం నిలుస్తుంది. ఒక పౌండు పొడి ఒక గ్యాలన్ నీటి సాంద్రతని (మామూలు నీళ్లది 1.000) సుమారు 44 పాయింట్లు, అంటే 0.044, పెంచుతుంది. అంటే 6 పౌండ్లు 5 గ్యాలన్లలో కలిపితే 1.053 వస్తుంది.

దీనికి తోడు రంగుకీ రుచికీ కొన్ని ప్రత్యేక మాల్ట్‌లు. క్రిస్టల్ మాల్ట్ ఉడికించి వేయించింది, పాకం పట్టిన బెల్లం రుచి. చాక్లెట్ మాల్ట్ ముదురుగా వేయించింది, అందులో చాక్లెట్ ఉండదు. వేయించిన బార్లీ, మాల్ట్ చేయని గింజ, కాఫీ గింజల్లా ఉంటుంది, స్టౌట్ అనే బీరు నల్లగా ఉండేది దానివల్లే. వీటిని మరపట్టించే తీసుకోండి, ఇంటి మిక్సీలో తిప్పితే పొట్టు పిండైపోయి వగరు దిగుతుంది.

హాప్స్: హ్యుములస్ లుపులస్ అనే తీగ ఆడపూలు. రేకు విప్పి చూస్తే మొదట్లో పసుపు పుప్పొడిలాంటిది ఉంటుంది, అదే లుపులిన్. చేదూ వాసనా అందులోవే. తీపి నీళ్లకి చేదు తోడై సమతూకం వస్తుంది, పైగా చాలా బాక్టీరియాని అది పెరగనివ్వదు. చేదు రావాలంటే గంటసేపు మరగాలి, అప్పుడే ఆల్ఫా ఆమ్లాలు అనే చేదు పదార్థాలు రూపం మారి నీటిలో కలుస్తాయి. కానీ మరిగితే వాసన ఆవిరైపోతుంది. అందుకే ఒక వంతు మొదట్లో చేదుకి, మిగిలింది చివర్లో వాసనకి వేస్తారు. పప్పులో మిరపకాయ ముందు ఉడికించి, ఇంగువ తాలింపు చివర్లో పెట్టడం లాంటిదే. అమెరికా హాప్స్‌లో ఎక్కువ భాగం వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయవి. కాస్కేడ్ 1972లో విడుదలైన రకం, నారింజ తొక్క వాసన, ఆల్ఫా 5 నుంచి 7 శాతం. చెక్ దేశపు సాజ్ సున్నితంగా ఉంటుంది, ఇంగ్లండ్ గోల్డింగ్స్ మట్టి, పూల వాసన. ప్యాకెట్ మీద ఆల్ఫా శాతం, పంట సంవత్సరం చూసి కొనండి. గాలి తీసేసిన ప్యాకెట్లు ఫ్రీజర్‌లో పెట్టండి. బయట వదిలేసిన హాప్స్ చీజు కంపు కొడతాయి.

ఈస్ట్: 1516 నాటి బవేరియా చట్టంలో బీరుకి బార్లీ, హాప్స్, నీళ్లు మాత్రమే వాడాలని రాశారు. ఈస్ట్ మాటే లేదు, ఎందుకంటే అదొక జీవి అని అప్పటికి ఎవరికీ తెలియదు. 1876లో పాశ్చర్ బీరు మీద గ్రంథం రాశాక, 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో హాన్సన్ ఒకే కణం నుంచి శుద్ధమైన ఈస్ట్ పెంచాక, ఇవాళ మనం ప్యాకెట్ చింపి వేసుకునే వీలు కలిగింది. నాకు ఈ 11.5 గ్రాముల ప్యాకెట్ చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఆ సంగతి గుర్తొస్తుంది.

బీర్లలో రెండు పెద్ద రకాలు, ఎయిల్, లాగర్. ఎయిల్ ఈస్ట్ 18 నుంచి 22 డిగ్రీలు కోరుతుంది. లాగర్ ఈస్ట్ 8 నుంచి 13. ఇండియాలో మనం తాగి పెరిగిన బీర్లలో ఎక్కువ లాగర్లే కాబట్టి చాలామంది అదే చేయాలనుకుంటారు. ప్రత్యేకంగా ఒక ఫ్రిజ్, కంట్రోలర్ లేనిదే దాని జోలికి పోవద్దు. డ్రై ఈస్ట్ తీసుకోండి, అమెరికన్ ఎయిల్‌కి సాఫేల్ యూఎస్-05, ఇంగ్లిష్ రుచికి ఎస్-04. టెక్సాస్ లాంటి చోట వేసవిలో ద్రవ ఈస్ట్ పోస్టులో తెప్పిస్తే వ్యాన్‌లోనే ఉడికి వస్తుంది. ఇల్లు వేడి తప్పదంటే నార్వే పల్లెల నుంచి వచ్చిన క్వైక్ ఈస్ట్ ఉంది. వాస్ రకం 35 నుంచి 40 డిగ్రీల్లో కూడా శుభ్రంగా పులియబెట్టి నారింజ వాసన ఇస్తుంది. వేడి ఊళ్లలో ఉన్నవాళ్లకి అదొక వరం.

నీళ్లు: బీరులో తొంభై శాతం పైగా ఇవే. పిల్సన్ ఊరి మెత్తటి నీళ్లకి లేత లాగర్, బర్టన్ ఊరి జిప్సమ్ నీళ్లకి చేదైన పేల్ ఎయిల్, డబ్లిన్ బైకార్బనేట్ నీళ్లకి నల్లటి స్టౌట్ ఒదిగాయి. ఎక్స్‌ట్రాక్ట్ వాడేటప్పుడు ఆ లవణాల టెన్షన్ మీకక్కర్లేదు, అవి తయారీలోనే వచ్చేస్తాయి. పట్టించుకోవాల్సింది క్లోరిన్, క్లోరమైన్. అవి మాల్ట్‌తో, ఈస్ట్‌తో కలిసి ఆస్పత్రి మందు వాసన తెస్తాయి. మా వైపు కుళాయిల్లో క్లోరమైన్ ఉంటుంది, అది మరిగించినా తేలిగ్గా పోదు. దాన్ని పోగొట్టే క్యాంప్‌డెన్ మాత్ర ఒకటి 20 గ్యాలన్లకి సరిపోతుంది. 5 గ్యాలన్లకి పావు మాత్ర నూరి కలిపితే నిమిషాల్లో పని అయిపోతుంది.

మొదటి బ్యాచ్: పేల్ ఎయిల్

లేత మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ పొడి 2.7 కిలోలు, మరపట్టిన క్రిస్టల్ 40 మాల్ట్ 225 గ్రాములు, కాస్కేడ్ గుళికలు 28 గ్రాములవి మూడు ప్యాకెట్లు, యూఎస్-05 ఒక ప్యాకెట్, వర్ల్‌ఫ్లాక్ మాత్ర ఒకటి, క్యాంప్‌డెన్ పావు మాత్ర, సీసాల కోసం మొక్కజొన్న చక్కెర 125 గ్రాములు.

ముందు రోజు 9 లీటర్ల నీళ్లకి క్యాంప్‌డెన్ కలిపి, మరిగించి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. ఇవి చివర్లో కలపడానికి.

మరుసటి రోజు గిన్నెలో 11 లీటర్లు, వాటికీ చిటికెడు క్యాంప్‌డెన్. 68 డిగ్రీలకి వేడిచేసి, క్రిస్టల్ మాల్ట్‌ని పల్చటి గుడ్డ సంచిలో వేసి అరగంట నానబెట్టండి. 77 డిగ్రీలు దాటనివ్వకండి. టీ ఆకు ఎక్కువసేపు మరిగితే వచ్చే వగరే ఇక్కడా వస్తుంది. సంచి ఎత్తి నీరు కారనిచ్చి తీసేయండి.

మంట ఆర్పి, పొడిలో సగం వేసి గరిటెతో అడుగంటకుండా కలపండి. మంట మీద వేస్తే అడుగున మాడుతుంది. పొడి పోసేటప్పుడు ప్యాకెట్ మూతిని ఆవిరి మీద పట్టకండి, తడి తగిలి గడ్డ కడుతుంది. మళ్లీ మంట పెట్టి పక్కనే నిలబడండి. మరుగు పట్టే నిమిషంలో పాలు పొంగినట్టే పొంగుతుంది. ముందు అంచుల వెంట గోధుమరంగు నురగ కదులుతుంది, తర్వాత మధ్యలో మూసుకుపోతుంది, ఆ తర్వాత మీకు పది సెకన్లే ఉంటాయి. మంట తగ్గించి, పైన చల్లటి నీళ్లు చిమ్మితే దిగిపోతుంది. మూత పెట్టకండి.

పొంగు దిగాక మొదటి హాప్స్ ప్యాకెట్ వేసి గంట మొదలుపెట్టండి. 15 నిమిషాలుండగా మిగతా పొడి మంట ఆర్పి కలిపి, వర్ల్‌ఫ్లాక్ వేసి మళ్లీ మరిగించండి. వర్ల్‌ఫ్లాక్ సముద్రపు పాచి నుంచి వచ్చింది, మడ్డిని అడుక్కి దించుతుంది. 10 నిమిషాలుండగా రెండో ప్యాకెట్, మంట ఆర్పగానే మూడోది.

ఇక్కడినుంచి దాన్ని తాకే ప్రతిదీ శానిటైజ్ చేసిందే అయి ఉండాలి. సింకులో ఐసు నీళ్లు నింపి గిన్నె దించండి, నీళ్లు వేడెక్కగానే మార్చండి. అరగంటలో 30 డిగ్రీలకి వస్తుంది. బకెట్‌లో పోసి, ఫ్రిజ్ నీళ్లతో 19 లీటర్లకి తెస్తే 20 దగ్గరికి దిగుతుంది. ఎత్తు నుంచి ధారగా పోయండి, ఈస్ట్‌కి మొదట్లో కొంచెం ఆక్సిజన్ మేలు చేస్తుంది. డ్రై ఈస్ట్‌కి ఇది తప్పనిసరి కాదు. మళ్లీ ఎప్పుడూ అలా గాలి తగలనివ్వకండి. పులిసిన బీరుకి ఆక్సిజన్ తగిలితే తడి అట్టముక్క రుచి వస్తుంది.

హైడ్రోమీటర్ గాజుగొట్టంలో కొంచెం తీసి చూడండి, 1.053 దరిదాపుల్లో ఉండాలి. నీళ్లు సరిగ్గా కలవకపోతే అంకె తప్పు చూపిస్తుంది, కంగారు పడొద్దు. ఆ శాంపిల్ బకెట్‌లో తిరిగి పోయకండి. 22 డిగ్రీల లోపు ఉందని చూసుకుని ఈస్ట్ పైన చల్లి, మూత బిగించి, ఎయిర్‌లాక్ పెట్టండి.

పులిసే రోజులు

పన్నెండు నుంచి ఇరవైనాలుగు గంటల్లో బుడగలు మొదలవుతాయి. మొదటి మూడు రోజులే బీరు రుచిని నిర్ణయిస్తాయి. ఈస్ట్ పనిచేసేటప్పుడు వేడి పుట్టిస్తుంది, గదికన్నా బకెట్ లోపల మూడు నుంచి ఐదు డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. గది 24 ఉంటే లోపల 28. అప్పుడు ఫ్యూసెల్ అనే ఘాటైన ఆల్కహాల్స్ తయారై గొంతులో మండుతుంది, ఎన్ని నెలలు ఉంచినా తగ్గదు. జులైలో టెక్సాస్ గ్యారేజీలో పెట్టడమంటే ఈస్ట్‌ని హింసించడమే.

ఇందుకు ఫ్రిజ్ కొనక్కర్లేదు. మన వేసవిలో కుండకి తడి గుడ్డ చుట్టేవాళ్లం కదా, అదే ఉపాయం. వెడల్పాటి టబ్‌లో నీళ్లు పోసి బకెట్‌ని అందులో నిలబెట్టండి. పాత కాటన్ టీషర్టు తొడిగి అంచులు నీళ్లలో మునిగేలా చేసి, చిన్న ఫ్యాన్ పెట్టండి. పొద్దునొకటి, రాత్రొకటి నీళ్లు గడ్డకట్టించిన సీసా టబ్‌లో వేస్తే లోపల 19, 20 దగ్గర నిలుస్తుంది. బకెట్‌కి అతికించే స్టిక్కర్ థర్మామీటర్ మీద చూపు ఉంచండి. నాలుగో రోజు తర్వాత దాని ఇష్టానికి 21, 22 వరకు ఎక్కనివ్వండి, మిగిలిన పని త్వరగా ముగిస్తుంది.

బుడగలు ఆగాయని పని అయిపోయిందనుకోవద్దు. మూత సందులోంచి గ్యాస్ పోతున్నా బుడగలు ఆగుతాయి. రెండు వారాలయ్యాక హైడ్రోమీటర్‌తో చూడండి, రెండు రోజులాగి మళ్లీ చూడండి. రెండుసార్లూ ఒకే అంకె, 1.010 నుంచి 1.014 మధ్య ఉంటే అయినట్టే. 1.053 నుంచి 1.012కి దిగితే ఆల్కహాల్ దాదాపు 5.4 శాతం.

సీసాల్లోకి

ఈ అంకె స్థిరపడకుండా సీసాల్లో పోయడం ప్రమాదం. మిగిలిన చక్కెర మూసిన సీసాలో పులిసి గాజుని పగలగొడుతుంది. చక్కెర కూడా త్రాసు మీద తూచే వేయండి, గ్లాసుల కొలత వద్దు.

125 గ్రాముల చక్కెరని రెండు కప్పుల నీళ్లలో ఐదు నిమిషాలు మరిగించి, చల్లార్చి, కుళాయి బకెట్ అడుగున పోయండి. సైఫన్ గొట్టం చివరని ఆ పాకంలో మునిగేలా వంకరగా పెట్టి బీరుని మెల్లగా దించండి, సుడి తిరుగుతూ అదే కలుస్తుంది. అడుగు మడ్డి రానివ్వకండి. శానిటైజ్ చేసిన సీసాల్లో వాండ్‌ని అడుక్కి ఆనించి అంచు దాకా నింపి, వాండ్ తీసేస్తే పైన సరిపడా ఖాళీ మిగులుతుంది. మూతలు బిగించి, సీసాల్ని మూత ఉన్న అట్టపెట్టెలోనో ప్లాస్టిక్ డబ్బాలోనో పెట్టి 21 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచండి. ఒకటి పగిలినా ముక్కలు లోపలే ఉంటాయి.

తర్వాత రెండు రోజులు ఫ్రిజ్‌లో నిలబెట్టండి. గ్లాసు వాల్చి ఒకే ధారగా పోసి, అడుగున అర అంగుళం ఈస్ట్ మడ్డి సీసాలోనే వదిలేయండి. గ్లాసు పక్కన పెట్టి, తాగేముందే ఆ సీసాని వేడినీళ్లతో మూడుసార్లు కడిగి బోర్లించండి. ఎండిన మడ్డిని తర్వాత వదిలించడం చాలా కష్టం, వచ్చే బ్యాచ్‌కి అదే సీసా కావాలి.